విడదీయరాని సంఖ్యలు, విడదీయరాని సమూహములు



చింతపిక్కలు 12 తీసికొనుడు. మూడేసి చొప్పున నాలుగు సమానమైన వరుసలగును. 13 పిక్కలైనచో అట్లు కుదరదు. ఇట్టి విడదీయరాని సంఖ్యలకు ప్రధాన సంఖ్యలని పేరు. మన విజయనగరమునకు పొరుగున వాల్తేరులో, ఆంధ్ర విశ్వకళాపరిషత్తునందు 1933 మొదలు 1936 వరకు గణితాచార్యులుగా నుండిన సర్వదమన్ చౌలాగారు సంఖ్యా శాస్త్ర పరిశోధనలచే ప్రసిద్ధులైరి.

ఇక బండిచక్రమును చూతము. 12 ఆకుల చక్రమును మూడేసి ఆకుల చొప్పున త్రిప్పిన నాలుగు త్రిప్పులలోనే మొదటికి వచ్చును. పెద్ద చుట్టులో చిన్న చుట్టు ఇమిడియున్నది. 13 ఆకులున్నచో అన్ని స్థానములను తాకిగాని మొదటికి రాదు. ఒకదాని వెంట నొకటి చేయదగి, వెనుకకు మరల్చనుదగిన ఇట్టి కదలికల కూటమిని గణితజ్ఞులు సమూహమందురు. విడదీయరానిది సరళ సమూహము. ప్రధాన సంఖ్యగల ప్రతి చుట్టును సరళమే.

మరికొన్ని సరళములును కలవు. అరుగుమీద ఐదుగురు పెద్దలున్నారనుకొనుడు. ఇద్దరిద్దరు చోటులు మార్చుకొనుచు, మార్పిడుల లెక్క సరిసంఖ్యగా నుండునట్లు చేసినచో 60 విధములగును. ఈ సమూహము సరళము. వేయిలోపల ప్రధాన సంఖ్యలు 168. ప్రధానములు గాకయే సరళ సమూహముల పరిమాణములైనవి 60, 168, 360, 504, 660 అను ఐదే. ఇచ్చట 168 రెండుమారులు వచ్చుట కాకతాళీయము. కాని వీనికి ప్రధాన సంఖ్యలతో చుట్టరికము కాకతాళీయము కాదు. ఐదును, దాని వర్గమునకు ఒకటి తక్కువయైన 24తో గుణించి సగము చేయుడు: 60. ఏడును 48తో నట్లే చేయుడు: 168. ఐదు మొదలు ప్రతి ప్రధాన సంఖ్యయు ఇట్లొక సరళ సమూహమునిచ్చును. కావున ప్రధాన సంఖ్యలు పలుచబడినకొలది ఈ వంశమును పలుచబడును.

సరళ సమూహముల పట్టిక పూర్తియైనదని 1980 తరువాత ప్రకటించిరి. నిరూపణము సుమారు నూరుగురు వ్రాసినది. పదివేల పుటలు పలు పత్రికలలో చెదరియున్నవి. అందలి ఒక పెద్ద లోపమును 2004లో ఆష్‌బాకర్, స్మిత్ అనువారు పూరించిరి. అంతయు నెరిగినవారు కొలదిమంది. వారిలో పలువురు వృద్ధులు. అందుచేతనే గోరెన్‌స్టీన్, లయన్స్, సాలమన్ అనువారు సంకల్పించిన సంపుటములు 1994 నుండి వెలువడుచున్నవి.

తాతలనాటి తాళపత్రములు చదువువారు లేక చెదలపాలగుట మీరెరుగనిది కాదు. కనుగొనిన విద్యయు చెప్పువారు లేకున్న మరల పోవును. కావున మీ మనుమడు పిక్కలు పేర్చుచు, “తాతా, ఇవి యేల కుదరవు?” అని యడిగినచో కసరకుడు. దగ్గర కూర్చుండబెట్టుకొని మీరును పేర్చి చూడుడు.