చివరి మడి దాకా

(సంఘ తొలితరం పెద్దల స్మారకోపన్యాసం, దుండిగల్)



ఈ ఉపన్యాసానికి ధర్మనిధి పెట్టిన కుటుంబం ఒక షరతు విధించింది. ఫలకం మీద తమ ఇంటి పేరు ఉండకూడదు, ఉపన్యాసం మాత్రం ఈ ప్రాంతంలో మొదట బాప్తిస్మం పొందిన పెద్దలందరి పేరిట జరగాలి. వాళ్లలో ఎక్కువమంది కూలీలు, జీతగాళ్లు. చాలామందికి సెంటు భూమి లేదు. అలాంటి వాళ్ల స్మారకంగా భూమి గురించి, నీళ్ల గురించి మాట్లాడమన్నారు. భూమి లేనివాళ్లకు భూమి విషయంలో ఏం చెప్పే హక్కుందని ఎవరైనా అడగవచ్చు. వాళ్లకే ఎక్కువ ఉందని నేను అనుకుంటున్నాను.

నీరటి

చెరువు కింద సేద్యం ఉన్న తెలంగాణ పల్లెల్లో నీరటి ఉండేవాడు. చాలా ఊళ్లలో ఆ పని దళిత కుటుంబాలదే. అదను చూసి తూము తెరవాలి, మూయాలి. కాలువలో పూడిక తీయాలి. ముసురు పట్టిన రాత్రి కందిలి పట్టుకుని కట్ట పొడవునా నడుస్తూ ఎక్కడైనా బుంగ పడిందేమో చూడాలి. మత్తడి దూకితే ఊళ్లోకి కబురు తేవాలి. పంట చేతికొచ్చాక కళ్లం దగ్గర రైతులు కొలిచిచ్చే గింజలే అతనికి జీతం. పై మడి ఆసామి రాత్రికి రాత్రి గండి కొట్టి నీళ్లు మళ్లించుకుంటే ఎదురు నిలిచి గొడవపడాల్సింది నీరటే. చివరి మడి ఎండితే మాట పడేదీ అతనే. ఊరి బావిలో చేద వేయనివ్వని మనిషి చేతిలో ఊరి చెరువు తూము ఉండేది!

బైబిలు మనిషికి ఇచ్చిన స్థానం నాకు ఇతనిలో కనిపిస్తుంది. ఆదికాండం రెండో అధ్యాయంలో దేవుడు మనిషిని తోటలో పెట్టింది దాన్ని సేద్యం చేయడానికి, కాయడానికి. తోట అతనిది కాదు. లేవీయకాండం ఇరవై అయిదో అధ్యాయం ఏడేళ్లకొకసారి భూమిని బీడుగా వదలమంటుంది, భూమిని శాశ్వతంగా అమ్మకూడదని కూడా అంటుంది. ద్వితీయోపదేశకాండం ముట్టడి వేసిన శత్రు పట్టణంలో సైతం పండ్ల చెట్లను నరకవద్దంటుంది. అంతెందుకు, దండు విడిసిన చోట ప్రతివాడూ ఒక గసిక దగ్గర పెట్టుకుని, పాళెం బయటికి పోయి గుంట తవ్వి, తన మలాన్ని తానే కప్పాలని కూడా అందులోనే ఉంది. నీ చెత్త నీ పూచీ అన్నమాట. మన ప్రసంగాల్లో ఈ వచనం వినబడదు.

ఈ పూట నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. సృష్టి పట్ల క్రైస్తవుడి నమ్మకత్వానికి కొలత చివరి మడి. మనం వాడి వదిలింది దిగువన ఎవరి వాకిట్లోకి చేరుతోందో అడగని విశ్వాసం ఎన్ని మొక్కలు నాటినా ఫొటోకే పనికొస్తుంది.

మన మీద ఉన్న అభియోగం

1967లో లిన్ వైట్ అనే అమెరికా చరిత్రకారుడు 'సైన్స్' పత్రికలో ఒక వ్యాసం రాశాడు. సృష్టి అంతా మనిషి కోసమేనని పాశ్చాత్య క్రైస్తవం నేర్పిందనీ, నేటి పర్యావరణ సంక్షోభానికి వేళ్లు అక్కడ ఉన్నాయనీ అతని వాదన. చాలామంది క్రైస్తవులు నొచ్చుకున్నారు. కానీ అతను మతాన్ని కొట్టిపారేయలేదు. అస్సీసీ ఫ్రాన్సిస్‌ను పర్యావరణానికి పాలక పునీతుడిగా పెట్టుకోండని ఆ వ్యాసంలోనే సలహా ఇచ్చాడు. రెండో జాన్ పాల్ పోపు 1979లో సరిగ్గా అదే ప్రకటన చేశారు. 1989లో ఆర్థడాక్స్ సంఘాల మహా పితరుడు మొదటి దిమిత్రియోస్ సెప్టెంబరు 1ని సృష్టి కోసం ప్రార్థించే దినంగా నియమించారు. 2015లో పోప్ ఫ్రాన్సిస్ 'లౌదాతో సీ' లేఖలో పేదల కష్టం, నేల కష్టం రెండు వేర్వేరు సమస్యలు కావని తేల్చి చెప్పారు. మన దక్షిణ ఇండియా సంఘం సినడ్‌లోనూ పర్యావరణానికి ప్రత్యేక విభాగం ఉంది, సంఘాలకు గ్రీన్ ప్రోటోకాల్ కూడా ఇచ్చింది. కాబట్టి కాగితం మీద మనకు లోటు లేదు. లోటు ఉన్నది వాకిట్లో.

కరువులో సంఘం

తెలుగు సంఘం పెద్దగా పెరిగింది నీళ్ల కరువులో. 1876-78 నాటి మహా కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు. కుర్రతనంలో సర్వే పని నేర్చినవాడు కనుక ఆ ధైర్యం చేశాడు. ఆకలితో వచ్చినవాళ్లకు పలుగూ పారా ఇచ్చి కూలి కట్టించాడు. కరువు సాగినన్నాళ్లూ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు, కూటి కోసం మతంలో కలిశారన్న మాట రాకూడదని. కరువు సడలాక 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది గుండ్లకమ్మ నీళ్లలో దిగారు.

మన మెదక్ అధ్యక్ష మండలం కథా కరువుతో ముడిపడినదే. మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ 1914లో కెథడ్రల్ పని మొదలుపెట్టి, ఆకలితో ఉన్న చుట్టుపక్కల జనానికి ఆ కట్టడంలోనే పని చూపించి అన్నం పెట్టాడు. 1924 క్రిస్మస్ రోజున దాని ప్రతిష్ఠ జరిగింది. శిఖరం ఎత్తు 175 అడుగులని మనం గర్వంగా చెబుతాం. ఆ రాళ్లు మోసినవాళ్లు ఎండిన చెరువుల కింది మనుషులని కూడా చెప్పాలి. వాన తప్పితే మొదట పస్తుండేదెవరో సంఘానికి అప్పుడు తెలుసు, ఎందుకంటే సంఘమే వాళ్లు.

దుండిగల్‌లో దిగువ ఎవరు?

ఇప్పుడు మన ఊరికి వద్దాం. దుండిగల్ అంటే బయటివాళ్లకు ఎయిర్‌ఫోర్స్ అకాడమీ గుర్తొస్తుంది. రాష్ట్రంలోని ఫ్యాక్టరీల ప్రమాదకర వ్యర్థాలను తెచ్చి శుద్ధి చేసి పూడ్చే కేంద్రం ఇక్కడే ఉందని చాలామందికి తెలియదు. ఇరవై ఏళ్లకు పైగా అది నడుస్తోంది. ఇలాంటి కేంద్రంలో పని ఎలా జరగాలో చూడండి. గుంత అడుగున మట్టిని దిమ్మిస కొట్టి, దాని మీద మందపాటి ప్లాస్టిక్ షీటు పరుస్తారు. పైనుంచి కారే మురికి ద్రవాన్ని పట్టి తీయడానికి గొట్టాలు వేస్తారు. గుంత నిండాక మళ్లీ షీటు, మట్టి కప్పుతారు. పక్కన బోర్లు వేసి నీళ్లను పరీక్షిస్తూ ఉండాలి. మూసేసిన తరువాత కూడా ముప్పై ఏళ్లపాటు కనిపెట్టి ఉండాలన్నది లెక్క. అంటే చివరి గుంత మూసిన నాడు మన బలిపీఠం దగ్గర బాప్తిస్మం పొందిన పసిబిడ్డ తల్లి అయ్యేదాకా ఎవరో ఒకరు ఆ బోరు నీళ్లు చూస్తూనే ఉండాలి.

అలాంటి కేంద్రాలు వద్దని నేను అనను. అవి లేకపోతే ఆ విషం రాత్రిపూట ట్యాంకర్లలో వాగుల పాలవుతుంది. నా ప్రశ్న వేరు. ఆ వ్యర్థంలో మన వాటా ఎంత? జీడిమెట్ల, బొల్లారం, కాజీపల్లి, గడ్డపోతారం, పటాన్‌చెరు... మన చుట్టూ మందుల ఫ్యాక్టరీలే. ఆ మందులు ఊరి ఆసుపత్రి నుంచి అమెరికా దాకా రోగాలు నయం చేస్తాయి. వైద్యసేవ క్రైస్తవ సేవకు గుండెకాయ అని చెప్పుకునే మనం ఆ మాత్ర ఎక్కడ తయారైందో, తయారయ్యాక ఏం మిగిలిందో అడిగామా?

ఇక్కణ్నుంచి ఔటర్ రింగ్ రోడ్డు మీద అరగంట దూరంలో ఉంది పటాన్‌చెరు. అక్కడి ఫ్యాక్టరీల ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వదిలే నీటిని స్వీడన్ శాస్త్రవేత్త జోకిమ్ లార్సన్ బృందం పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించింది. లీటరు నీటిలో 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లోక్సాసిన్ తేలింది. ఆ మాత్ర వేసుకున్న రోగి రక్తంలో ఉండే మోతాదు కంటే అది ఎక్కువ. శుద్ధి చేసిన నీరు అది! అలాంటి నీళ్లలో బతకడం నేర్చిన సూక్ష్మజీవికి రేపు ఆ మందు పనిచేయకపోవచ్చు. ఆ ప్రాంతపు కాలుష్యం నక్కవాగు వెంబడి మంజీర వైపు పారింది. దాని ఒడ్డు రైతులు పొలాలు, పశువులు పోగొట్టుకుని రోడ్డెక్కారు. వాళ్లకు అండగా నిలిచిన డాక్టర్ అల్లాని కిషన్‌రావు పటాన్‌చెరులో వైద్యం చేస్తూ దశాబ్దాలు పోరాడారు. 1990లో సుప్రీంకోర్టుకు చేరిన కేసు ఏళ్ల తరబడి నడిచింది. ఆ పోరాటంలో మన సంఘాల జెండా ఎక్కడుందో వెతుక్కోవాల్సిందే.

యెహెజ్కేలు గ్రంథం ముప్పై నాలుగో అధ్యాయంలో దేవుడు బలిసిన గొర్రెలను నిలదీస్తాడు. తేట నీళ్లు మీరు తాగి, మిగిలినవి కాళ్లతో కలియతొక్కి బురద చేసి, వెనక వచ్చే గొర్రెలకు ఆ బురద మిగల్చడం న్యాయమా అని. మంచి కాపరి గురించిన ఆ అధ్యాయాన్ని మనం ఎంతో ఇష్టంగా చదువుతాం. కాపరి గొర్రెలకు వేసిన ఈ ప్రశ్న దగ్గర మాత్రం పేజీ తిప్పేస్తాం.

ఇక చెరువులు. ఒకదాని మత్తడి నీళ్లు ఇంకొకదానికి పారే గొలుసుకట్టు మన పూర్వీకుల తెలివి. ఔటర్ వచ్చాక ఇక్కడ గజాల లెక్కే మిగిలింది. చెరువు లోపలి శికం భూములు ప్లాట్లయ్యాయి, కాలువలు రోడ్లయ్యాయి. 2024 సెప్టెంబరులో మల్లంపేట కత్వ చెరువులో కట్టిన విల్లాలను చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా కూల్చినప్పుడు టీవీల్లో అందరం చూశాం. అందులో కొన్నవాడి కన్నీళ్లు నిజమే. కానీ ఆ చెరువు నీళ్ల మీద బతికిన చాకలి, బెస్త, చివరి మడి కౌలుదారు ఎప్పుడో వెళ్లిపోయారు, వాళ్ల దగ్గరికి ఏ కెమెరా పోలేదు. నాబోతు ద్రాక్షతోట కథ మనకు కంఠతా వచ్చు. అహాబు ఆ తోట మీద కన్నేసింది కూడా ఇంటి పక్కన మంచి స్థలమనే! ఆ రోజుల్లో కానుక పెట్టెలో అహాబు దశమభాగం వేసి ఉంటే ఏలీయా పుచ్చుకునేవాడా?

రెండు అభ్యంతరాలు

రాకడ దగ్గర పడింది, ఈ లోకం గతించిపోయేదే, ఆత్మల రక్షణ చూడక చెరువుల గోల మనకెందుకు అంటారు కొందరు. యిర్మీయాను చూడండి. యెరూషలేము చుట్టూ బబులోను సేన ముట్టడి వేసి ఉంది. ప్రవక్త చెరసాలలో ఉన్నాడు. ఊరు కూలుతుందని చెప్పింది తానే. ఆ సమయంలో అనాతోతులోని పొలం కొని, వెండి తూచి ఇచ్చి, క్రయపత్రాన్ని మట్టికుండలో భద్రం చేయించాడు. అంతం తెలిసిన ప్రవక్తే నేలను వదలకపోతే మనమెంత?

చెరువును, చెట్టును పట్టించుకుంటే ప్రకృతి పూజ అవుతుందేమోనని ఇంకొందరి భయం. మన పొరుగు ఆడపడుచులు బతుకమ్మను చెరువులో వేస్తారు. మన పెంతెకొస్తు, బాప్టిస్టు సహోదరులు నిన్నమొన్నటి దాకా అదే చెరువులో బాప్తిస్మాలు ఇచ్చారు. ఇప్పుడు నీళ్లలో దిగితే ఒళ్లు దురద పెడుతోందని చర్చిలోనే తొట్టి కట్టి బోరు నీళ్లు నింపుతున్నారు. చెరువు చెడితే అందరి పండగా చెడింది. దాన్ని బాగుచేయడానికి పక్కింటివాళ్లతో కలిసి తట్ట ఎత్తితే మన విశ్వాసం కరిగిపోదు.

ఏం చేయాలి

మొదట మన వాకిలి. క్రిస్మస్ ప్రేమవిందు ముగిశాక చర్చి వెనక గోడ దగ్గరికి వెళ్లి చూడండి. పప్పు అంటిన ప్లాస్టిక్ ప్లేట్లు, సగం తాగి పడేసిన నీళ్ల సీసాలు, విరిగిన థర్మోకోల్ నక్షత్రం, దాని మీద ఇంకా మెరుస్తున్న జరీ కాగితం. పారిశుద్ధ్య కార్మికురాలు మర్నాడు వాటిని చేత్తో ఏరుతుంది. ఆవిడ కూడా మన సంఘస్థురాలే కావచ్చు. అలంకరణకు థర్మోకోల్‌నూ, ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లనూ, గ్లాసులనూ దేశమంతటా 2022 జులై 1 నుంచి నిషేధించారు. అంటే మన నక్షత్రం చట్టవిరుద్ధం. అయిదు వేల మందికి పెట్టాక మిగిలిన ముక్కలను పారేయకుండా ఏరించిన ప్రభువు విందు మనది. స్టీలు పళ్లేలు కొనడానికి ఒక ఆదివారం కానుక చాలు. తోమడానికి యవ్వనస్థులున్నారు, పాస్టరమ్మగారి మీద వదిలేయకండి.

రెండోది, చర్చి ఆవరణ నిండా పరిచిన బండలు కొన్నైనా తీయించి ఇంకుడుగుంత తవ్వించండి. కప్పు మీద పడిన వాన మన బోరులోకే దిగుతుంది. కొత్త సంఘానికి స్థలం కొనేటప్పుడు అది చెరువు శికమో, దాని చుట్టూ వదలాల్సిన బఫరో రికార్డు చూడకుండా పునాదిరాయి వేయకండి. మందిరం పేరు చెప్పి చెరువును పూడిస్తే అది ఆరాధన కాదు, ఆక్రమణ.

మూడోది కష్టమైనది. వ్యర్థ కేంద్రం పక్కన బోర్ల నీటి పరీక్షల ఫలితాలను ఏటా ఊరి ముందు తెలుగులో పెట్టమని పురపాలక అధికారులను, కాలుష్య నియంత్రణ మండలిని అడగాలి. ఫ్యాక్టరీలో ఉద్యోగం చేసే మన పిల్లలను ఇబ్బంది పెట్టకుండా, వాళ్ల భయాన్ని కూడా విని అడగాలి. సంఘంలో ఒక చిన్న కమిటీ వేసి, మసీదు పెద్దలను, గుడి పెద్దలను, రైతులను కలుపుకుని ఏడాదికి రెండుసార్లు చెరువు కట్ట నడవండి. ఏ కాలువ మూసుకుపోయిందో, ఏ గొట్టం నుంచి రంగు నీళ్లు వస్తున్నాయో రాసి సంతకాలతో అర్జీ పెట్టండి. జవాబు రాకపోతే మళ్లీ పెట్టండి. అన్యాయస్థుడైన న్యాయాధిపతిని విసిగించి న్యాయం సాధించిన విధవరాలి ఉపమానం ఇలాంటి అర్జీదారుల కోసమే.

పెద్ద ఆనకట్ట కట్టిన కాటన్ దొర విగ్రహానికి తెలుగువాళ్లు దండలు వేస్తారు, వేయాల్సిందే. నీరటికి మాత్రం విగ్రహం లేదు. ఈ ధర్మనిధి ఎవరి పేరిట నడుస్తోందో ఆ పెద్దలకూ లేదు. వాళ్లకు ఫలకం కంటే పని ఎక్కువ నచ్చుతుంది. అందుకే సంఘ కమిటీకి నా విన్నపం ఇది. వచ్చే ఏడు ఈ ఉపన్యాసం జరిగే నాటికి పైన చెప్పిన మూడింటిలో ఏది చేశారో, ఏది చేయలేకపోయారో వార్షిక నివేదికలో ఒక పేజీ రాయండి. ఆ పేజీని ఉపన్యాసకుడి కంటే ముందు చదివించండి.