ఇంట్లో చదువుకునే పిల్లకు ఎక్కాలు నిలవాలంటే
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పది నిమిషాలు మాట్లాడమన్నారు. పాత జ్ఞాపకాలు చెప్పేవాళ్ళు నా వెనక చాలామంది ఉన్నారు కాబట్టి నేను వేరే సంగతి ఎత్తుకుంటాను. పొద్దున టిఫిన్ల దగ్గర మన పూర్వ విద్యార్థులు ముగ్గురు ఒకే మాట అడిగారు. వాళ్ళ పిల్లలు బడికి వెళ్ళడం లేదు. ఒకరు ఉద్యోగరీత్యా ఊళ్ళు మారుతుంటారు, ఒకరి బాబుకు ఒంట్లో బాగుండదు, మూడోవారు కావాలనే ఇంట్లో చదివిస్తున్నారు. ముగ్గురిదీ ఒకటే బాధ: "టీచరమ్మా, పొద్దున అప్పజెప్పిన ఎక్కం సాయంత్రానికి ఉండటం లేదు."

నేను ముప్పై ఒక్క ఏళ్ళు మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలల్లో పాఠాలు చెప్పాను. రిటైరయ్యాక ఒకే ఒక్క పిల్లకు చెప్పాల్సి వచ్చింది. మా మనవరాలికి. హైదరాబాదులో ఉంటుంది. ఉబ్బసం వల్ల మూడో తరగతి మధ్యలో బడి మాన్పించారు. ఆరోగ్యం కుదుటపడితే ఐదో తరగతిలో మళ్ళీ చేర్పించాలని మా అమ్మాయి ఆలోచన. నేను వెళ్ళిన మొదటి రోజే ఆ పిల్ల నాతో అన్నమాట: "అమ్మమ్మా, నాకు తెలుగు చెప్పు, సైన్స్ చెప్పు. లెక్కలు మాత్రం వద్దు. నాకు రావు." ఎనిమిదేళ్ళ పిల్ల అంత ఖాయంగా చెప్పేసింది. ఎక్కాలు పోతే పోనీ, ఆ మాట ఆ పిల్లలో స్థిరపడిపోతే తర్వాత తియ్యడం నావల్ల కాదు, ఎవరివల్లా కాదు. నా భయం అది.

సర్టిఫికెట్ల గురించి అడిగినవాళ్ళకు ఒక్క ముక్క. జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ ద్వారా పద్నాలుగేళ్ళు నిండిన పిల్లలు పదో తరగతి రాయొచ్చు. దారి ఉంది, కంగారు పడొద్దు. ఇక లెక్కల్లోకి వద్దాం.

మా పిల్లకు ఏడో ఎక్కం వచ్చు. గడగడా అప్పజెప్పేది. "ఏడు ఎనిమిదులెంత?" అని అడిగితే మాత్రం పెదాలు కదిలేవి, ఏడు ఒకట్ల ఏడు దగ్గర్నుంచి. అంటే ఎనిమిదో మెట్టు చేరడానికి ప్రతిసారీ కిందినుంచి ఎక్కాలి. మధ్యలో ఎవరైనా పిలిస్తే మళ్ళీ మొదటికి. బావిలో నీళ్ళున్నాయి, కానీ చెంబుడు నీళ్ళకు చేంతాడంతా లాగాలి.

అందుకని వల్లెవేయడం తప్పని నేననను. ఈ మధ్య అదొక ఫ్యాషనైపోయింది, బట్టీ అనగానే ముక్కు చిట్లించడం. రెండు రెళ్ళు, మూడు మూళ్ళు, ఆరార్లు అని మన భాష ఎక్కాలకు కట్టిన నడక ఉందే, అది ఊరికే పుట్టలేదు. నోరు తిరగడానికి అంతకన్నా మంచిది లేదు. కాకపోతే నోరు తిరగడం సగం పని. మిగతా సగం, ఎక్కడ అడిగితే అక్కడ తలుపు తియ్యడం.

ఇక్కడే భాష దగ్గర చిన్న చిక్కొచ్చింది. నేను "యాభై ఆరు" అంటే ఆ పిల్ల మనసులో దాన్ని "ఫిఫ్టీ సిక్స్" చేసుకుని, అప్పుడు అర్థం చేసుకునేది. వాళ్ళింట్లో డబ్బులు కూడా ఇంగ్లీషులోనే లెక్కపెడతారు మరి. తల్లి ఒకలా, అమ్మమ్మ ఒకలా చెబితే ఒకే లెక్కను రెండుసార్లు మొయ్యాలి. నాకు కాస్త కష్టమనిపించినా "సెవెన్ ఎయిట్స్ ఫిఫ్టీ సిక్స్" అనే ఒప్పుకున్నాను. ఇంట్లో పిల్లలు ఏ భాషలో చిల్లర లెక్కపెడతారో ఆ భాషలోనే ముందు గట్టిపడనివ్వండి. తెలుగు ఎక్కాలు తర్వాత ఆటగా నేర్పాను. ఇప్పుడు రెండూ వచ్చు.

ఎక్కాల కన్నా ముందు చూడాల్సింది కూడిక. చాలామంది తల్లిదండ్రులు ఇది దాటేస్తారు. ఎనిమిదీ ఐదూ కలపడానికి వేళ్ళు తీసే పిల్ల నలభై తొమ్మిదికి ఏడు ఎలా కలుపుతుంది? మూడు వారాలు మేం ఎక్కాల జోలికే పోలేదు. చింతపిక్కలు ముందేసుకుని పదిని పూర్తిచేసే ఆట ఆడాం. ఎనిమిదికి రెండిస్తే పది, ఐదులో మిగిలింది మూడు, పదమూడు. ఇరవై లోపు కూడికలు వేళ్ళు లేకుండా వచ్చాకే ముందుకు కదిలాం.

తర్వాత ఒక పెద్ద కాగితం మీద అడ్డంగా పది, నిలువుగా పది గళ్ళు గీయించాను. వంద గళ్ళు. "ఇవన్నీ నేర్చుకోవాలా?" అని ఏడుపు ముఖం పెట్టింది. పెన్సిలిచ్చి, "నీకు వచ్చినవన్నీ కొట్టెయ్" అన్నాను. మూడు వరసల్లో నాలుగేసి చింతపిక్కలు పేర్చి, పళ్ళెం పక్కకు తిప్పాం. అవే పిక్కలు నాలుగు వరసల్లో మూడేసి అయ్యాయి. ఇటు తెలిస్తే అటు తెలిసినట్టే. దాంతో 45 గళ్ళు పోయాయి, 55 మిగిలాయి. ఒకటో ఎక్కం, పదో ఎక్కం ఎవరికైనా వచ్చు, 36 మిగిలాయి. రెండు, ఐదు దానికి అప్పటికే వచ్చు, ఇక 21. తొమ్మిదికి వేళ్ళున్నాయి. పది వేళ్ళూ చాపి, 9×4 కావాలంటే ఎడమనుంచి నాలుగో వేలు ముడవాలి. దానికి ఇటు మూడు, అటు ఆరు. ముప్పై ఆరు. అరగంట సేపు ఆ వేళ్ళతోనే ఆడుకుంది. అప్పటికి 15. ఇక మూడు మూళ్ళు, ఆరార్లు లాంటివి, ఒకే అంకెను దాంతోనే హెచ్చవేసేవి అయిదు. వాటి చప్పుడే వాటిని గుర్తుంచుతుంది. అవీ పోతే పది మిగిలాయి.

పదంటే పదే. 3×4, 3×6, 3×7, 3×8, 4×6, 4×7, 4×8, 6×7, 6×8, 7×8. ఆ కాగితం మా అమ్మాయి ఆఫీసు నుంచి రాగానే చూపించింది. "అమ్మా, నాకు రానివి పదే!" రావు అన్న పిల్లే పదే అంది. ఆ రోజు నేను ఇంకేమీ చెప్పలేదు, ఎక్కువ చెబితే పాడవుతుంది.

ఆ పదింటినీ నిలబెట్టడానికి నాలుగు నెలలు పట్టింది. మిఠాయి డబ్బాలో అట్టముక్కలు పెట్టి మూడు అరలు చేశాం. పాత శుభలేఖలు కత్తిరించి, ఒకవైపు లెక్క, రెండోవైపు జవాబు రాసింది. కొత్త చీటీ మొదటి అరలో ఉంటుంది, దాన్ని రోజూ అడుగుతాను. చెబితే రెండో అరలోకి, అది మూడు రోజులకోసారి. అక్కడా చెబితే మూడో అరలోకి, అది ఆదివారం ఆదివారం. ఎక్కడ తప్పినా తిరిగి మొదటి అరకే. ఇది నేను కనిపెట్టింది కాదు. సెబాస్టియన్ లైట్నర్ అనే ఆయన 1972లో జర్మన్ భాషలో రాసిన పుస్తకంలో ఉన్న పద్ధతి. అంతకు ముందే 1885లో ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ శాస్త్రవేత్త అర్థం లేని అక్షరాల గుంపుల్ని తానే బట్టీపట్టి, తానే ఎంత మరిచాడో కొలుచుకున్నాడు. నేర్చుకున్న కొద్ది గంటల్లోనే ఎక్కువ పోతుందనీ, ఒకే కూర్చిలో కాక రోజుల మీద పరిచి చదివితే బాగా నిలుస్తుందనీ చెప్పాడు. కాబట్టి పొద్దున వచ్చింది సాయంత్రానికి పోయిందంటే మీ పిల్లలో లోపం లేదు. ఆయనకీ పోయింది.

అడిగే తీరు గురించి మాత్రం నాకు గట్టి పట్టుదల ఉంది. మూడుసార్లు ఊపిరి తీసేంత సేపు చూడండి. రాకపోతే జవాబు చెప్పెయ్యండి, "బాగా ఆలోచించు" అనకండి. గుర్తులేని దానికోసం ఆలోచించేదేముంది? రెండు చీటీలు వేరేవి అడిగి మళ్ళీ దాన్నే అడగండి, ఈసారి వస్తుంది. "నిన్ననే కదే చెప్పాను" అన్న మాటను ఇంట్లో నిషేధించాను, తాతగారికి కూడా. పొద్దున అయిదు నిమిషాలు, సాయంత్రం అయిదు నిమిషాలు, అంతే. గడియారం పెట్టి పందేలొద్దు. ఇంట్లో చదువంటే రోజంతా చదువు అనుకుని, పెరుగన్నం కలుపుతూ కూడా ఎక్కం అడిగే తల్లులున్నారు. పిల్లకు ఎక్కమూ రాదు, అన్నమూ సహించదు.

పిల్ల తన దారి తాను వెతుక్కుంటే అడ్డుపడకండి. 7×8 కోసం మాది "ఏడేళ్ళు నలభై తొమ్మిది, ఇంకో ఏడు" అనుకునేది. కొన్నాళ్ళకు ఆ దారి దానంతటదే కురచయి, చీటీ చూడగానే జవాబొచ్చేది. తర్వాత చీటీ తిరగేసి అడిగాను: యాభై ఆరులో ఎనిమిదులెన్ని? భాగహారానికి వేరే బట్టీ అక్కర్లేకపోయింది. ఫోన్లో క్యాలిక్యులేటర్ ఉండగా ఇదంతా ఎందుకని అల్లుడుగారన్నారు. నాలుగంకెల భాగహారం వేస్తూ ప్రతి మెట్టు దగ్గరా ఫోను తీసేవాడికి, తాను ఏ మెట్టు మీదున్నాడో గుర్తుండదని చెప్పాను. సందేహంగానే తలూపారు.

అన్నిట్లోకీ మొండిది 6×8. పదకొండుసార్లు మొదటి అరకు తిరిగొచ్చింది. ఆ చీటీకి మీసాలు గీసి "మొండి మామయ్య" అని పేరు పెట్టుకుంది. వేసవిలో ఊరికొచ్చి నెలన్నర డబ్బా ముట్టలేదు. తెరిచి చూస్తే పదిలో మూడు జారిపోయాయి. ఎవరూ ఏమీ అనలేదు, మొదటి అరలో వేసుకుంది, వారంలో వచ్చేశాయి. ఈ జూన్‌లో ఐదో తరగతిలో చేరింది. మొండి మామయ్య దగ్గర ఇప్పటికీ ఒక్క క్షణం ఆగుతుంది. ఆగినా చెబుతుంది.

ఇక్కడున్న టీచర్లు నలభై మందితో ఇదెలా అంటారు. ఇద్దరిద్దరు పిల్లల్ని జతచేసి, ఒక్కో జతకు ఒక్కో డబ్బా ఇచ్చి చూడండి. ఒకరు అడుగుతారు, ఒకరు చెబుతారు, అయిదు నిమిషాలకు మారతారు. మీ పని తిరిగి చూడటమే.

పది చీటీల కట్టలు కొన్ని కత్తిరించి తెచ్చాను. భోజనాల దగ్గర కుడివైపు చివరి బల్ల మీద ఉంటాయి, పిల్లలున్నవాళ్ళు ఒక్కో కట్ట తీసుకెళ్ళండి. డబ్బా మాత్రం మీదే.