సైకిల్ చైనుకు నూనెనా, మైనమా?



జనగామ దిక్కు పాలు పోసే ఒకాయన సంగతి వినండి. రోజూ సైకిల్‌కు రెండు క్యాన్లు కట్టుకొని పోతడు. చైను కిర్రుమన్నప్పుడల్లా మెకానిక్ పారబోసే నల్ల నూనె తెచ్చి పోసేటోడు. చైను నల్లగా, తడిగా ఉంటే చాలనుకున్నడు. ఒకనాడు చెరువు కట్ట ఎక్కుతుంటే చైను పండ్ల మీది నుంచి ఎగిరింది. సైకిల్ ఒరిగింది. పాలు నేలపాలు.

నూనె పోసినా ఎందుకిట్లయింది? చైను లింకుల నడుమ పిన్నులుంటాయి. వాటి చుట్టూ చిన్న రోలర్లు తిరుగుతాయి. ఈ తీరు చైనును హాన్స్ రెనాల్డ్ అనే ఆయన 1880లో ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో తయారు చేసిండు. ఇప్పటికీ అదే పద్ధతి. అరిగేది లోపలి పిన్ను. నూనె కావలసింది అక్కడే. పైన మిగిలిన నూనె దుమ్మును పట్టుకుంటది. ఆ దుమ్ము లోపలికి దిగి, సాన పట్టినట్లు పిన్నును అరగదీస్తది. వాడి పారేసిన ఇంజను నూనెలోనైతే మసి, ఇనుప రజను ముందే ఉంటాయి. వంటనూనె ఎండి జిగురవుతది.

భూపాలపల్లిలో సింగరేణి బొగ్గు దుమ్ము. మానుకోటలో ఎర్రమట్టి. 2016 దాకా ఈ మూడు ఊర్లదీ ఒకటే వరంగల్ జిల్లా. ఇప్పుడు జిల్లాలు వేరైనా, ఎండకాలం దుమ్ము మాత్రం ఎవరినీ విడువదు!

మరి మైనం మంచిదా? కొవ్వొత్తి మైనం ఆరితే పొడిగా ఉంటది. దుమ్ము అంతగా అంటదు. బట్టలకు మరక కాదు. కాని పని ఎక్కువ. చైను ఊడదీసి కిరోసిన్‌తో, ఆ తర్వాత సబ్బునీళ్లతో కడగాలి. తడి లేకుండా ఎండబెట్టాలి. మైనాన్ని నేరుగా మంట మీద పెట్టకండి, అంటుకుంటది. నీళ్లు కాగే గిన్నెలో ఇంకో డబ్బా పెట్టి, అందులో కరిగించండి. చైను ముంచి, బుడగలు ఆగినంక తీయండి. కొవ్వొత్తిని పైపైన రుద్దితే పిన్ను దాకా పోదు. వానలో తడిసి మైనం పోయిన చోట తుప్పు పడుతది. మళ్లీ మొదటి నుంచి చేయాలి.

ఓపిక ఉన్నోళ్లు ఎండకాలంలో మైనం వాడవచ్చు. వానకాలంలో, రోజూ బరువు మోసేవారికి నూనే మేలు. ముందు పాత గుడ్డతో చైను తుడవండి. కుట్టు మిషను నూనె లాంటి పలుచటి నూనె రోలర్‌కు ఒక్క చుక్క వేయండి. పెడల్ వెనక్కి తిప్పండి. కొంతసేపు ఆగి, పైన ఉన్నదంతా తుడిచేయండి. ముట్టుకుంటే చేతికి అంటిందంటే ఇంకా ఎక్కువున్నట్లే.

చైను అరిగిందో లేదో పిల్లల స్కేలుతో చూడవచ్చు. ఒక పిన్ను నడుమ సున్నా గీత పెట్టండి. దాన్ని వదిలి 20 పిన్నులు లెక్కపెట్టండి. కొత్త చైనుకు ఆ 20వ పిన్ను సరిగ్గా 10 అంగుళాల గీత మీద ఉంటది. 2 మిల్లీమీటర్లు దాటితే చైను మార్చాలి.

పాలాయన బిడ్డ స్కేలు పెట్టి చూసింది. 3 మిల్లీమీటర్లు దాటింది! చైనుతో పాటు వెనుక పండ్ల చక్రం కూడా మార్చాల్సి వచ్చింది. ఇప్పుడాయన హ్యాండిల్‌కు ఎప్పుడూ ఒక పాత గుడ్డ కట్టి ఉంటది.