ఒంటరిగా ఉన్నవారికీ ఈద్ ఉంది

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



రంజాన్ దగ్గర పడుతోంది. జకాత్ లెక్కలు, ఇఫ్తార్ ఏర్పాట్లు, ఈద్గాహ్‌లో షామియానా, మైకు, వీటి గురించి మాట్లాడేవాళ్లు ఈ సభలో చాలామంది ఉన్నారు. మాకు ఇచ్చిన పది నిమిషాలూ ఈద్గాహ్‌కు రాలేనివాళ్ల కోసం వాడుకుంటాం.

మనలో చాలామందికి ఒంటరి పండుగ అంటే ఏమిటో 2020లోనే తెలిసింది. మార్చి 25న లాక్‌డౌన్ మొదలైంది. ఏప్రిల్ 25న తొలి రోజా, మే 25న ఈద్. మస్జిదుల్లో జమాత్ లేదు, మళ్లీ జూన్ 8 నుంచే తలుపులు తెరిచారు. సౌదీలో ఉన్న మన పిల్లలకైతే మే 23 నుంచి 27 దాకా 24 గంటల కర్ఫ్యూ. మేడ మీద చాప పరుచుకుని, నలుగురు ఇంటివాళ్లతో నమాజు చేసుకున్నాం. కానీ ఒక మాట ఒప్పుకోవాలి. ఆ ఏడు ఊరంతా ఒంటరే కాబట్టి ఎవరికీ పెద్దగా ఒంటరితనం అనిపించలేదు. మరుసటేడు, 2021 మే 14 నాటి ఈద్ అలాంటిది కాదు. అప్పటికి రెండో విడత కరోనా ఎన్నో ఇళ్లలో మనుషుల్ని తీసుకుపోయింది. ఒకే వీధిలో ఒక ఇంట్లో షీర్ ఖుర్మా వాసన, పక్కింట్లో మూసిన తలుపు. మేం చెప్పదలచుకున్నది ఈ మూసిన తలుపు గురించి. కరోనా పోయినా ఆ తలుపులు పోలేదు.

మొదట, మనిషి పోయిన ఇల్లు. మన దగ్గర ఒక ఆచారం ఉంది. ఆ ఏడాది వచ్చే తొలి పండుగకు ఆ ఇంట్లో సేమియా వండరు, పిల్లలకు కొత్త బట్టలు వేయరు. పైగా చుట్టాలు వచ్చి మళ్లీ ఒకసారి ఏడ్చి వెళతారు. షరియత్‌లో దగ్గరివాళ్లు పోతే సంతాపం మూడు రోజులు. భర్త పోయిన స్త్రీకి ఇద్దత్ నాలుగు నెలల పది రోజులు. ఏడాది పొడుగునా పండుగ మానుకోమని ఎక్కడా లేదు. ఇద్దత్‌లో ఉన్న చెల్లెలు అలంకరించుకోదు, అత్తరు పూసుకోదు, అవసరం లేకుండా గడప దాటదు. అంతే గానీ స్నానం చేయవచ్చు, దువా చేసుకోవచ్చు, పిల్లలకు వండి పెట్టవచ్చు, వచ్చిన ఆడవాళ్లతో కూర్చుని మాట్లాడవచ్చు. మేం టీచర్లం. ఈద్ తర్వాత బడి తెరిచిన రోజు పిల్లలు ఒకరి చొక్కా ఒకరు చూసుకుంటుంటే, నాన్న పోయిన పిల్లవాడు పాత చొక్కాతో వెనక బెంచీలో కూర్చోవడం మేం చూస్తాం. ఆ పిల్లవాడి పండుగను ఆపే హక్కు ఏ మేనత్తకూ, ఏ పెదనాన్నకూ లేదు.

ఇక ముసలివాళ్లు, జబ్బుపడినవాళ్లు. వీళ్ల మాట వేరుగా ఉంటుంది. షుగరు వల్లనో, డయాలిసిస్ వల్లనో రోజాలు ఉండలేకపోయారు. "రోజాలే లేవు, నాకు ఈద్ ఏంది నాయనా" అంటారు. నయమయ్యే జబ్బైతే తర్వాత కజా చేసుకోవచ్చు, నయం కానిదైతే రోజుకు ఒక పేదకు అన్నం పెట్టే ఫిద్యా ఉంది. అల్లాహ్ ఇచ్చిన సడలింపును వాడుకున్నవాళ్లు పండుగకు బయటివాళ్లు అయిపోరు. స్తోమత ఉంటే ఫిత్రా వాళ్ల మీద కూడా ఉంది, మన ఇమాములు చెప్పే లెక్కలో సుమారు పావు తక్కువ రెండు కిలోల గోధుమలు లేదా వాటి ధర. మంచం మీద నుంచే అయినా ఆ డబ్బు వాళ్ల చేత్తో, నమాజుకు ముందే ఇప్పించాలి. కొడుకు ఇచ్చేశాడులే అని వదిలేయకండి. ఇచ్చే చెయ్యి తనది అయితే ఆ మనిషి ముఖమే మారిపోతుంది.

నమాజు సంగతి చాలామంది అడుగుతారు. హజ్రత్ అనస్ బిన్ మాలిక్ (రజి) బస్రా దగ్గర జావియాలో ఉన్నప్పుడు ఈద్ జమాత్ అందకపోతే ఇంటివాళ్లను కూడగట్టి నమాజు చేయించారని బుఖారీలో ఉంది. హనఫీ ఫిఖ్‌లో ఈద్ నమాజుకు జమాత్ ఉండాలి. ఒక్కరే ఉన్నవాళ్లు చాష్త్ నఫిల్ చేసుకోవచ్చునని ఉలమాలు చెబుతారు. మిగతాది మీ ఇమామ్ సాబ్‌ను అడగండి, మేం ఆలిములం కాము. మిగతా సున్నతులకు మాత్రం ఎవరి తోడూ అక్కర్లేదు. గుసుల్, మిస్వాక్, ఉన్నంతలో మంచి బట్టలు, నమాజుకు ముందు బేసి సంఖ్యలో ఖర్జూరాలు, తక్బీర్. పొద్దున్నే లేచి ఈ అయిదూ చేసుకున్న మనిషికి ఆ రోజు మామూలు రోజులా ఉండదు.

గల్ఫ్‌లో ఉన్నవాళ్ల కథ ఇంకొకటి. అక్కడ తరచుగా మనకన్నా ఒకరోజు ముందే ఈద్ అయిపోతుంది. రాయచోటిలో ఇల్లాలు నెలవంక కోసం మేడ ఎక్కేసరికి కువైట్‌లో భర్త పండుగ చాలావరకు గడిపేసి ఉంటాడు. ఇద్దరికీ సగం సగం పండుగ. అందుకని వాళ్ల ఈద్ రోజే ఇక్కడి నుంచి ఫోను చేయండి, మన ఈద్ దాకా ఆగకండి. కువైట్ మనకన్నా రెండున్నర గంటలు వెనక. ఇళ్లలో పనిచేసే మన ఆడవాళ్లకైతే ఈద్ రోజే పని ఎక్కువ, ఆ ఇంటికి చుట్టాలందరూ వస్తారు. ఆమె ఫోను ఎత్తలేదని అలిగే పిల్లలకు ఈ సంగతి చెప్పండి. రాత్రి గిన్నెలు తోమి, ఆమె కూర్చున్న వేళే ఆమె పండుగ వేళ. ఆ టైముకు పిల్లల్ని మేల్కొలిపి, కొత్త బట్టలతో చూపించండి.

ఇప్పుడు మన సంఘం పని. ఏటా ఈద్ రోజు ప్యాకెట్లు పంచుతున్నాం. మంచిదే. అయితే తలుపు దగ్గర ప్యాకెట్ ఇచ్చి, ఫోటో తీసి, అయిదు నిమిషాల్లో వెనక్కి రావడం మాకు నచ్చదు. ఒంటరిగా ఉన్న మా వీధి ఖాలా ఒకరు వండిన సేమియా గిన్నె పక్కన పెట్టి "తినేదానికి నేనొక్కదాన్నే, పెట్టేదానికి ఎవరున్నారు?" అన్నారు. ఆమెకు కొరత తిండి కాదు, వచ్చి తినే మనిషి. అందుకే మా సూచన ఇది. వండినది కాకుండా సరుకులు ఇద్దాం. అరలీటరు పాలు, గుప్పెడు సేమియా, ఎండు ఖర్జూరం, సారపప్పు, చక్కెర, కాస్త నెయ్యి. చాంద్ రాత్ నాడే ఇద్దాం. మర్నాడు నమాజు అయ్యాక మనవాళ్లు ఇద్దరు, వీలైతే పిల్లల్తో, వెళ్లి ఆమె వండినది ఆమె ఇంట్లోనే కూర్చుని తిందాం. పిల్లలకు ఈదీగా ఆమె రూపాయి ఇస్తే వద్దనకుండా తీసుకోమందాం. ఈద్గాహ్‌కు ఒక దారిన వెళ్లి ఇంకో దారిన రావడం ఎలాగూ సున్నతే కదా, ఆ రెండో దారి ఈ ఇళ్ల మీదుగా పెట్టుకుంటే సరి. మగవాళ్లు ఒంటరిగా ఉండే గదులు కూడా మరిచిపోవద్దు. పని కోసం బీహార్ నుంచీ బెంగాల్ నుంచీ వచ్చిన కుర్రాళ్లు ఈద్ రోజు హోటల్లో తిని గదిలో పడుకుంటున్నారు. వాళ్ల దగ్గర వంట సామాను ఉండదు, వాళ్లను మన ఇంటికే పిలవాలి.

ఎవరు ఎక్కడున్నారో పెద్దలకన్నా పిల్లలకే బాగా తెలుసు. పండుగ రోజు తలుపు తీయని ఇల్లు మీ వీధిలో ఏదని తరగతిలో అడిగితే చేతులు టపటపా లేచాయి. వాళ్లు చెప్పిన ఇళ్లను ఒక నోటుబుక్కులో రాసి తెచ్చాం. అది హాలు గుమ్మం దగ్గర బల్ల మీద ఉంది. వెళ్లేటప్పుడు మీకు తెలిసిన ఇళ్లు కూడా అందులో కలపండి, పక్కన మీరు వెళ్లగలిగిన టైము రాయండి. పదిహేనో రోజా లోపల ఎవరెవరు ఏ ఇంటికో తేల్చుకుని సరుకులు కొందాం.