పొదుపు పుస్తకంలాగే పనికీ ఒక కాగితం

(మన పట్టణ సమాఖ్య 2024-25 వార్షిక సర్వసభ్య సమావేశంలో ఇంటిపని, తోటపని చేసే సభ్యుల తరపున ఒక సంఘం లీడరు చేసిన ప్రసంగం)



ఇప్పటిదాకా మాట్లాడిన అక్కలు పొదుపు ఎంత, బ్యాంకు లింకేజీ ఎంత, వసూలు ఎంత అని లెక్కలు చెప్పారు. మేం ఆ వాయిదాలు కట్టే డబ్బు ఏ పనిలోంచి వస్తుందో ఆ పని గురించి చెబుతాం. మన రాజమహేంద్రవరంలో తెల్లారేసరికి దానవాయిపేట వైపు, ప్రకాశ్‌నగర్ వైపు నడుచుకుంటూ పోయేవాళ్ళం మన సంఘాల్లో చాలామందిమి ఉన్నాం. గిన్నెలు, బట్టలు, వంట, ముసలివాళ్ళ సేవ కొందరిది. కడియం, కడియపులంక నర్సరీల్లో సంచులకి మట్టి నింపి, మొక్కల పని నేర్చుకుని, ఇప్పుడు టౌన్లో ఇళ్ళ ముందు తోటలు, మేడల మీద కుండీలు చూసేది ఇంకొందరు. ఒకళ్ళం అంట్లు తోముతాం, ఒకళ్ళం మొక్కలకి అంట్లు కడతాం. ఇద్దరి కష్టమూ ఒకటే. మన పనికి ఎక్కడా కాగితం లేదు.

ఒక్కసారి ఆలోచించండి. మన సంఘంలో 500 రూపాయలు అప్పు ఇవ్వాలంటే ఏం చేస్తాం? తీర్మానం రాస్తాం. పదిమందిమీ సంతకాలు పెడతాం. వడ్డీ ఎంతో, వాయిదా ఎప్పుడో రాస్తాం. చెల్లెలు తీసుకున్నా, వదిన తీసుకున్నా పుస్తకంలో ఎక్కాల్సిందే. వాళ్ళ మీద నమ్మకం లేక రాయం. రేపు మాట తేడా వచ్చి ఆ నమ్మకం చెడిపోకూడదని రాస్తాం. అలాంటి మనం ఏళ్ళ తరబడి ఒక ఇంట్లో పనిచేస్తూ జీతం ఎంత, సెలవు ఎన్ని రోజులు, మానిపించాలంటే ఎన్నాళ్ళ ముందు చెప్పాలి అన్నది మాత్రం గుమ్మం దగ్గర నిలబడి నోటిమాటగా మాట్లాడుకుని వచ్చేస్తున్నాం.

నోటిమాట వల్ల వచ్చే నష్టం మనకి తెలియనిది కాదు. గిన్నెలకని చేరతాం. నెల తిరక్కుండా "ఆ గుమ్మం కూడా కాస్త కడిగెయ్యమ్మా" అంటారు. తర్వాత బాత్రూములు, తర్వాత సంక్రాంతికి వచ్చిన చుట్టాల బట్టలు. జీతం అదే. జ్వరం వచ్చి 4 రోజులు పోలేదనుకోండి. నెలకి 3,000 రూపాయల జీతమైతే రోజుకి 100 చొప్పున 400 కోత. వాళ్ళు ఊరెళ్ళి ఇల్లు తాళం వేసుకున్న రోజులకీ కోతే. తోటపని వాళ్ళకి ఇంకో రకం. 20 కుండీలని చెప్పి పెట్టుకుంటారు, ఏడాది తిరిగేసరికి అవి 60 అవుతాయి. కొబ్బరి మట్టలు కొట్టమంటారు, గోడ మీద తీగలు కత్తిరించమంటారు, పురుగుమందు కొట్టమంటారు. చేతికి గ్లౌజులు ఇవ్వరు, నిచ్చెన పట్టుకునే మనిషి ఉండరు. పడితే ఆస్పత్రి ఖర్చు ఎవరిదని ముందు మాట్లాడుకోలేదు కాబట్టి అది మనదే అవుతుంది.

మన ఊళ్ళ నుంచి, కోనసీమ నుంచి కువైట్‌కి ఇంటిపనికి వెళ్ళిన ఆడవాళ్ళు మనందరికీ తెలుసు. మన అక్క ప్రయాణమవుతుంటే మనం అడిగే మొదటి మాట ఏమిటి? "అగ్రిమెంటు ఉందా?" అని. కువైట్ ప్రభుత్వం 2015లో ఇంటిపనివాళ్ళ కోసం ఒక చట్టం చేసింది. రాతపూర్వక ఒప్పందం ఉండాలనీ, రోజుకి 12 గంటలకి మించి పని చేయించకూడదనీ, వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాలనీ అందులో ఉంది. కాగితం ఉన్నా అక్కడ కష్టాలు పడి వచ్చినవాళ్ళు ఉన్నారు, ఆ మాట దాచక్కర్లేదు. కానీ కాగితం ఉన్న మనిషికి ఎంబసీ దగ్గరికి వెళితే చూపించుకోడానికి ఏదో ఒక ఆధారం ఉంటుంది. సముద్రం దాటితే అడిగే కాగితాన్ని నాలుగు వీధుల అవతలకి వెళ్ళేటప్పుడు ఎందుకు అడగం?

చట్టం మన వైపు ఏమీ లేదని కొందరు అంటారు. అది నిజం కాదు. మనకంటూ దేశమంతటికీ వర్తించే ప్రత్యేక చట్టం ఇంకా రాలేదన్నది నిజం. 2025 జనవరిలో సుప్రీంకోర్టు ఇంటిపనివాళ్ళ కోసం చట్టం ఎలా ఉండాలో ఒక కమిటీ వేసి చూడమని కేంద్ర ప్రభుత్వానికి చెప్పింది. అది వచ్చేలోపు మనకి ఇప్పటికే ఉన్నవి ఏమిటో తెలుసుకుందాం.

ఒకటి, కనీస వేతనం. ఉమ్మడి రాష్ట్రంగా ఉన్నప్పుడే, 2007లో, ఇంటిపనిని కనీస వేతనాల జాబితాలో చేర్చారు. ఇప్పుడు ఎంత అమల్లో ఉందో కార్మిక శాఖ ఆఫీసులో అడిగితే చెప్పాలి. ఇంకో సంగతి గుర్తుపెట్టుకోండి. కనీస వేతనం కంటే తక్కువకి ఒప్పుకున్నానని మన చేత సంతకం పెట్టించుకున్నా ఆ సంతకం చెల్లదని 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1948 నాటి కనీస వేతనాల చట్టంలోనే ఉండేది. తక్కువ ఇచ్చారని ఫిర్యాదు చెయ్యడానికి ఆ చట్టం కింద 6 నెలల గడువు ఉండేది.

రెండు, మర్యాద. పనిచోట ఆడవాళ్ళ మీద లైంగిక వేధింపుల చట్టం 2013లో వచ్చింది. ఆఫీసుల వాళ్ళకే అనుకోకండి. ఇల్లు కూడా పనిచోటేనని, ఇంటిపని చేసే ఆడమనిషి కూడా అందులోకి వస్తుందని ఆ చట్టంలో స్పష్టంగా రాశారు. జిల్లాలో ఉండే స్థానిక కమిటీకి 3 నెలల్లోపు ఫిర్యాదు ఇవ్వాలి. సరైన కారణం ఉంటే ఇంకో 3 నెలలు గడువు ఇస్తారు.

మూడు, గుర్తింపు. 2021 ఆగస్టులో ఈ-శ్రమ్ మొదలైంది. 16 నుంచి 59 ఏళ్ళ వయసు ఉండి, పీఎఫ్, ఈఎస్‌ఐ లేనివాళ్ళం ఆధార్, బ్యాంకు ఖాతా, ఫోను పట్టుకెళ్ళి నమోదు చేయించుకోవచ్చు. 12 అంకెల నంబరుతో కార్డు వస్తుంది. దానితోపాటు ఏడాదికి 20 రూపాయలతో బ్యాంకులో సురక్షా బీమా కట్టుకోండి. ప్రమాదంలో ప్రాణం పోతే కుటుంబానికి 2 లక్షలు వస్తుంది. తోటపని అక్కలు ఇది బాగా వినండి. పాము కరిచినా, చెట్టు మీంచి పడినా వెంటనే ఆస్పత్రికి వెళ్ళి చీటీ రాయించుకోవాలి. ఆ చీటీ లేకపోతే బీమా దగ్గర చిక్కు వస్తుంది.

నాలుగు, వకీలు. ఆడవాళ్ళకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 చట్టం ఉంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ దగ్గరికి వెళ్ళొచ్చు, 15100కి ఫోన్ చెయ్యొచ్చు.

2011 జూన్ 16న జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సంస్థ సభలో ఇంటిపనివాళ్ళ కోసం 189వ నంబరు ఒప్పందం చేశారు. అందుకే జూన్ 16 మన రోజు. మన దేశం దానికి ఇంకా ఆమోదముద్ర వెయ్యలేదు. కానీ పని షరతులు పనివాళ్ళకి అర్థమయ్యేలా ముందే చెప్పాలి, వీలైతే రాసి ఇవ్వాలి అన్న మాట ఆ ఒప్పందంలో ఉంది. ఇంట్లో వంట చేసేవాళ్ళే కాదు, ఇంటి తోట చూసేవాళ్ళూ ఇంటిపనివాళ్ళేనని ఆ సంస్థ చెబుతోంది.

ఆ వరసలోనే మా సంఘాల వాళ్ళం కూర్చుని ఒక్క పేజీలో ఒక కాగితం రాసుకున్నాం. చదువుతాం, వినండి.

"పని ఒప్పంద కాగితం. ఇంటివారి పేరు, చిరునామా. పనిచేసేవారి పేరు, ఫోను నంబరు. పని మొదలైన తేదీ. చేయవలసిన పనులు ఇవి. తోటపని అయితే వారానికి ఎన్ని రోజులు, కుండీలు ఎన్ని, పనిముట్లు, గ్లౌజులు, మందులు ఎవరు కొనాలి. ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల వరకు. నెల జీతం ఎంత, ఏ తేదీలోపు ఇవ్వాలి. జీతంతో నెలకి ఎన్ని సెలవులు. ఇంటివారు ఊరెళ్ళిన రోజులకి కోత లేదు. అదనపు పనికి అదనంగా ఎంత. పండగకి ఏమిస్తారు. ఏడాదికి ఎంత పెంచుతారు. పనిలో దెబ్బ తగిలితే వైద్యం ఖర్చు ఇంటివారిది. మానాలన్నా మానిపించాలన్నా నెల ముందు చెప్పాలి, లేదా నెల జీతం ఇవ్వాలి. ఇద్దరి సంతకాలు. చెరొక ప్రతి."

ఇంతే. స్టాంపు పేపరు అక్కర్లేదు, ఖర్చు జెరాక్సుదే. ఇది ఇంటివాళ్ళకీ మంచిదే. చెప్పకుండా మానేసే మనిషి ఉండదు, ఏ పని ఎవరిదో రోజూ వాదన ఉండదు. ఆ మాటే వాళ్ళకి చెప్పాలి. కోపంగా అడిగితే కోపమే వస్తుంది. "అమ్మా, మా సంఘంలో అన్నీ రాసుకుంటామండీ, ఇది కూడా రాసుకుందామండీ" అంటే వినేవాళ్ళు వింటారు.

అందరూ వింటారని చెప్పడం లేదు. కాగితం చూపించగానే "అంత నమ్మకం లేకపోతే మానెయ్యి" అన్న ఇళ్ళూ ఉన్నాయి. మనలోనే ఒక అక్క నిలదీసింది, "ఉన్న ఇల్లు పోతే ఈ నెల వాయిదా మీరు కడతారా?" అని. ఆ ప్రశ్న సరైనదే, దానికి జవాబు లేకుండా ఈ కాగితం పట్టుకు తిరగమని చెప్పడం న్యాయం కాదు. అందుకే రెండు విషయాలు చెబుతున్నాం.

మొదటిది, సంతకం పెట్టనివాళ్ళ దగ్గర కూడా మనం చేసుకోగలిగింది ఉంది. నోటిమాట ఒప్పందం కూడా చట్టం ముందు ఒప్పందమే, రుజువు ఉండాలి. జీతం ఫోన్‌పేలోనో బ్యాంకు ఖాతాలోనో వెయ్యమనండి, ప్రతి నెలా రాత దానంతటదే పడుతుంది. ఒక చిన్న నోటు పుస్తకంలో తేదీ, చేసిన పని, తీసుకున్న డబ్బు, పెట్టిన సెలవు రాయండి. రాయడం రానివాళ్ళకి పిల్లలు రాస్తారు. ఏదైనా సామాను కనపడలేదని నింద వచ్చిన రోజున మనం ఎన్ని గంటలకి వచ్చామో, ఎన్నింటికి వెళ్ళామో చెప్పడానికి ఆ పుస్తకం పనికొస్తుంది. అలాంటప్పుడు ఒక్కరే వెళ్ళకండి, సంఘానికి కబురు పెట్టండి. పొద్దుగూకిన తర్వాత, తెల్లారకముందు ఆడమనిషిని మామూలుగా అరెస్టు చెయ్యకూడదని చట్టం ఉంది, భయపడకండి.

రెండోది, ఒక్కళ్ళం అడిగితే ఆ ఒక్కళ్ళనీ తీసేస్తారు. ఒక వీధిలో పనిచేసేవాళ్ళం అందరం ఒకే నెలలో, ఒకే కాగితంతో అడిగితే అలా తీసెయ్యడం కష్టం. ఒకళ్ళు మానిన ఇంట్లో అంతకంటే తక్కువకి ఇంకొకళ్ళం చేరకుండా ఉండాలి. కాగితం అడిగినందుకు ఇల్లు పోయిన సభ్యురాలికి కొత్త పని దొరికేదాకా ఆమె సంఘం అంతర్గత అప్పులో ముందు వరస ఇవ్వాలి, వాయిదాకి గడువు ఇవ్వాలి. ఇది మేం దయగా అడగడం లేదు. ఆమె అడిగింది మనందరి కోసం.

ఇంకొక్క మాట, కొంచెం చేదుగా ఉంటుంది. మనలో కొందరం పనికి వెళుతూ మన పిల్లల్ని చూడ్డానికి పక్కింటి పెద్దమ్మని పెట్టుకుంటాం. మిషన్ కుట్టుకునే అక్కలు, టిఫిన్ సెంటరు నడిపే వదినలు గిన్నెలకి మనిషిని పెట్టుకుంటారు. ఆ పెద్దమ్మకీ, ఆ మనిషికీ సెలవు ఎన్ని రోజులు? ముందు మనింట్లో ఆ కాగితం రాద్దాం. అప్పుడే దానవాయిపేటలో గట్టిగా అడగగలం. అలాగే 14 ఏళ్ళలోపు పిల్లల్ని ఇంటిపనికి పెట్టుకోవడం 2006 అక్టోబరు నుంచే నేరం. బడి సెలవులని మన ఆడపిల్లల్ని మన బదులు పంపే అలవాటు ఉంటే ఇవాళే ఆపుదాం.

ఈ సభ ముందు మేం మూడు తీర్మానాలు పెడుతున్నాం. ఈ కాగితం నమూనాని సమాఖ్య అచ్చు వేయించి ప్రతి సంఘానికీ ఇవ్వాలి. ఇంటిపని, తోటపని చేసే సభ్యులందరికీ ఈ-శ్రమ్ కార్డు, 20 రూపాయల బీమా ఉన్నాయో లేదో ఆర్పీలు సంఘం వారీగా చూడాలి. కాగితం అడిగి పని పోగొట్టుకున్నవాళ్ళకి వాయిదా గడువు ఇచ్చే నిబంధన మన పుస్తకంలో చేర్చాలి.

మూడోదాని మీద కొందరికి అభ్యంతరం ఉందని మాకు తెలుసు. గడువు ఇస్తే గ్రేడింగు పడిపోతుందంటున్నారు. గడువుని తీర్మానం రాసి, తేదీ వేసి, సంతకాలతో ఇద్దాం. రాసి ఇచ్చిన గడువుకి లెక్క ఉంటుంది. మన పుస్తకాలు బాగున్నాయనే కదా బ్యాంకులు మనల్ని నమ్మింది. మన పనిని కూడా ఆ పుస్తకాల్లోకి ఎక్కిద్దాం.

ఒప్పుకున్నవాళ్ళు చేతులెత్తండి. ఒప్పుకోనివాళ్ళు లేచి మాట్లాడండి, వింటాం.