చదరంగము చెప్పిన తీర్పు

చదరంగమను మాట చతురంగము నుండి పుట్టినది. రథ గజ తురగ పదాతులను నాలుగంగముల సేనయే చతురంగము. పలకపై 64 గళ్లు. ఒక్కొక్క పక్షమునకు 16 పావులు. అందు సగము బంట్లే. గుఱ్ఱము దాటును, ఏనుగు తిన్నగా నడచును, శకటము ఓరగా బోవును. బంటునకు మాత్రము వెనుకడుగు లేదు. కావుననే బంటును కదుపునపుడు పెక్కుమాఱు లాలోచింపవలయును.

నా యనుభవ మొకటి విన్నవించెదను. గట్టు తగవున నేనును నా తమ్ముడును కొన్నియేండ్లు న్యాయస్థానము చుట్టును దిరిగితిమి. ఆ దినములలో నొక సాయంకాలము అరుగుపై మిత్రునితో నాడుచుంటిని. ఎదుటి బంటొకటి యొంటరిగా గనబడెను. ఆశపడి యేనుగుతో దానిని జంపితిని. ఏనుగు కదలగనే నా రాజున్న వరుసకు గాపు లేకపోయెను. మఱుక్షణమే వాని యేనుగు వచ్చి చొరబడెను, ఆటకట్టు!

“పంతులుగారూ, బంటు మీకు దక్కినది, ఆట నాకు దక్కినది” అని మిత్రుడు నవ్వెను.

ఆ మాట గుండెలో నాటినది. రాత్రి దీపము ముందు ఖర్చుల చిట్టా విప్పితిని. గట్టు వెలకు రెండింతలు వ్యయమైనది. తమ్ముడు నా గడప త్రొక్కుట మానినాడు. తెల్లవారగనే వానియింటికేగి, గట్టు వానికే విడిచితిని. ఆ సంక్రాంతికి వాడు పిల్లలతో మాయింట భుజించెను.

ఓడిన ఆటగాడు పావులను మరల బేర్చుకొనగలడు; చెడిన బాంధవ్యమును బేర్చుట యంత సులభము కాదు. తగవు దీర్ప గూర్చుండు పెద్దలు “ఏమి గెలుతువు?” అని కాక, “దీనికై దేనిని గోల్పోవుదువు?” అని యడుగుదురుగాక.