కరెంటు అమ్మువారే పొదుపు చెప్పుట



సరుకు అమ్మువాడే ఆ సరుకును తక్కువగా కొనుడని చెప్పుట లోకములో ఎచ్చటను కానము. బట్టల వర్తకుడు చినిగిన పంచెకు మాసిక వేసికొమ్మని చెప్పడు. బెల్లపు కొట్టువాడు తీపి తగ్గింపుమని చెప్పడు. కాని మనకు విద్యుచ్ఛక్తి నమ్మెడు సంస్థ మాత్రము చౌకగా బల్బులు పంచి, పాత మోటార్లు మార్చుకొమ్మనుచు, ఏటేట డిసెంబరు 14వ తేదీని ఇంధన పొదుపు దినముగా జరుపుచు, తన సరుకును మితముగా వాడుడని మనలను హెచ్చరించుచున్నది. ఇందలి మర్మమేమి? ఇందు మనకు లాభ మెంత? ఆ సంస్థకు లాభ మెంత? మనము తిరిగి ఆ సంస్థను అడుగవలసిన దేమి? అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతముల పెద్దలకు ఈ సంగతులు తెలిసియుండుట మంచిదని తలంచి, నేడు వీనిని గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను.

ముందుగా ఆ సంస్థ యెవరో తెలిసికొందము. మన రాష్ట్రములో 1959వ సంవత్సరమున విద్యుచ్ఛక్తి బోర్డు ఏర్పడినది. కరెంటు పుట్టించుట, దూరములకు చేరవేయుట, ఇంటింటికి పంచుట అను మూడు పనులను అది యొక్కటియే చేయుచుండెను. 1999లో ఆ బోర్డును విడదీసిరి. 2000 సంవత్సరములో పంపిణీ సంస్థలు ఏర్పడినవి. అందులో విశాఖపట్టణము కేంద్రముగా గల తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ మన కోనసీమకు కరెంటు నిచ్చుచున్నది. మనము వాడుకగా కరెంటాఫీసు అని పిలుచునది దీని శాఖయే. ఇది ప్రధానముగా కరెంటును కొని అమ్ము సంస్థ గాని, పుట్టించు సంస్థ గాదు. పుట్టించువారి వద్ద టోకున కొని, మనకు చిల్లరగా అమ్మును.

ఇచ్చటనే అసలు కిటుకు గలదు. ఈ సంస్థ కొనెడు ధర అన్ని వేళల నొక్కటిగా నుండదు. దీపములు పెట్టు వేళ మొదలుకొని రాత్రి పది గంటల వఱకు ఊరూర వాడకము పెరుగును. ఆ గిరాకీకి తగినంత సరకు లేనప్పుడు సంత ధర పెట్టి కొనవలసివచ్చును. అమ్మెడు ధరను మాత్రము తన యిష్టము వచ్చినట్లు పెంచుకొనుటకు వీలులేదు. అది రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి నిర్ణయించు ధర. కొలది యూనిట్లు వాడు పేద గృహస్థునకు కొన్న ధర కంటె తక్కువకే అమ్మవలెను. ఎక్కువకు కొని తక్కువకు అమ్మువానికి అమ్మకము పెరిగినకొలది నష్టమే గదా! కావున సాయంకాల సమయమున మన యింట మిగిలిన ప్రతి యూనిటును ఆ సంస్థ పెట్టెలో మిగిలిన డబ్బే. దీనిని హితబోధ యన్నను తప్పులేదు, వ్యాపారము అన్నను తప్పులేదు.

ఈ సంగతి మనకు పరాయిది కాదు. ఇంధనమునకు చెల్లింపవలసిన వెల ఎట్టిదో కోనసీమ వారి కన్న ఎఱిగినవారెవరు? 1995 జనవరిలో పాశర్లపూడి బావి నుండి ఎగసిన మంటలు రెండు నెలలకు పైగా ఆరలేదు. 2014 జూన్ 27వ తేదీ తెల్లవారుజామున నగరము గ్రామమున గ్యాసు గొట్టము ప్రేలి పలువురు ప్రాణములు కోల్పోయిరి. రావులపాలెము మండలము దేవరపల్లిలో 445 మెగావాట్ల విద్యుత్కేంద్రమును గ్యాసును నమ్ముకొనియే కట్టిరి. తగినంత గ్యాసు దొరకక అది మూలబడినది. భూమిలో నున్నదంతయు మనదే యనుకొన్నను, దాని నందుకొనుట సులభము గాదు, క్షేమమును గాదు. పొదుపు చేసిన యూనిటునకు బావి త్రవ్వనక్కఱలేదు, గొట్టము వేయనక్కఱలేదు.

ఇతర దేశములలో ఈ చిక్కును ఎట్లు విప్పిరో యొక్క మాట. అమెరికాలోని కంపెనీలు మొదట ఎంత ఎక్కువ వాడిన అంత మేలని ప్రచారము చేసినవి. 1973లో చమురు ధరలు మండిపోయిన పిమ్మట ఆ ప్రచారము తలక్రిందులైనది. కాలిఫోర్నియా రాష్ట్రమువారు 1982లో విద్యుత్ కంపెనీలకు ఒక క్రొత్త ఏర్పాటు చేసిరి. అమ్మిన యూనిట్ల సంఖ్యతో సంబంధము లేకుండ కంపెనీకి రావలసిన ఆదాయమును ముందే నిర్ణయించిరి. అమ్మకము తగ్గినను కంపెనీకి నష్టము లేకపోవుటచే పొదుపును అడ్డగించుటకు కారణము పోయినది. అమ్మువాని లాభమును పొదుపునకు ఎదురుగా నిలిపినంత కాలము ఎంత బోధించినను ఫలము స్వల్పమే యని దీనివలన తెలియుచున్నది.

ఇక మన ప్రాంతపు సంస్థ చేసిన పనులు చూతము. విశాఖపట్టణపు జిల్లాలో ఈ సంస్థ ఆస్రాం కంపెనీతో గూడి పాత బల్బులు తీసికొని, స్వల్పమైన వెలకు సి.ఎఫ్.ఎల్. దీపములు ఇచ్చెను. బొగ్గుపొగ తగ్గించినందులకు విదేశముల నుండి వచ్చెడు సొమ్ముతో మిగిలిన ఖర్చు పూడ్చుకొనుట ఆ పథకపు పద్ధతి. 2009లో ఐక్యరాజ్యసమితి వారి పట్టికలో అది నమోదైనది.

అటుపిమ్మట 2014లో మన రాష్ట్రములో ఎల్.ఇ.డి. దీపముల పంపిణీ ఆరంభమైనది. శ్రీకాకుళము, పశ్చిమ గోదావరి, గుంటూరు, అనంతపురము జిల్లాలలో మొదలిడి, ఇంటికి రెండేసి 7 వాట్ల దీపములను ఒక్కొక్కటి 10 రూపాయలకు ఇచ్చిరి. ఆ ధరకు దీపము తయారు కాదు. కేంద్ర ప్రభుత్వమువారి ఇంధన సామర్థ్య సేవా సంస్థ మొత్తముగా కొని తెచ్చినది. పంపిణీ సంస్థ తనకు మిగిలిన దానిలోనుండి ఆ బాకీని కొన్ని సంవత్సరములలో తీర్చవలెనను ఒప్పందము. 2015 జనవరిలో ఇట్టి పథకమే దేశమంతటికి వ్యాపించి ఉజాలా యను పేరు పొందినది. 36 కోట్లకు పైగా దీపములు పంచబడినవి. టోకున కొనుటచే 2014లో 310 రూపాయలున్న కొనుగోలు ధర 2016 నాటికి 38 రూపాయలకు దిగినది. పలువురు కలిసి కొన్నచో ధర యెట్లు దిగునో చెప్పుటకు ఇంతకన్న నిదర్శనము వలదు.

మన యింటి లెక్క చూచుకొందము. 60 వాట్ల పాత బల్బు దినమునకు 5 గంటలు వెలిగినచో నెలకు 9 యూనిట్లు అగును. అదే కాలము 7 వాట్ల దీపము వెలిగినచో ఒక యూనిటు చిల్లర మాత్రమే. పంకా సంగతి ఇంతకన్న పెద్దది. మన ఉక్కపోతలో పంకా దినమునకు 12 గంటలు తిరుగుట విశేషము గాదు. 75 వాట్ల పాత పంకా నెలకు 27 యూనిట్లు తినును. ఇప్పుడు వచ్చుచున్న 30 వాట్ల పంకా 11 యూనిట్లతో సరిపెట్టుకొనును. దీపములు మార్చి, పంకాలను మఱచినవాడు గట్టుకు పడిన చిన్న బొక్క పూడ్చి పెద్ద గండిని విడిచినవాడగును.

రైతుల విషయము. 2004 మే నెలలో వ్యవసాయమునకు ఉచిత విద్యుత్తు ప్రకటింపబడినది. 2005లో దానికి నాలుగు నియమములు చేర్చిరి: ఐ.ఎస్.ఐ. గుర్తు గల మోటారు, కెపాసిటరు, రాపిడి లేని ఫుట్‌వాల్వు, నునుపైన ప్లాస్టిక్ పైపు. ఇవి నాలుగును మంచివే. కాని ఉచితముగా వచ్చుదానిని పొదుపు చేయుమనుట కష్టము. ఆ నియమములు కాగితముపై నున్నంత గట్టిగా చేలలో నిలువలేదు. అందుచే తరువాతి కాలమున సంస్థలవారే మోటార్లు మార్చి యిచ్చు పద్ధతి వచ్చినది. మనకు ఎగువనున్న రాజానగరము మండలములో అట్టి ప్రయత్నము జరిగినది. 2016 ఏప్రిల్‌లో విజయవాడలో ఇదే పనిని, పంకాల పంపిణీని జాతీయ పథకములుగా ప్రారంభించిరి.

మన కోనసీమలో వరిచేలకు కాలువ నీరుండుటచే బోరు మోటార్ల బాధ తక్కువ. రొయ్యల చెరువుల బాధ యెక్కువ. నీటిలోని ప్రాణవాయువు తెల్లవారుజామున మిక్కిలి తగ్గును గనుక రాత్రియంతయు ఏరియేటర్లు తిరుగవలెను. రెండు అశ్వశక్తుల మోటార్లు నాలుగు ఎనిమిది గంటలు తిరిగినచో సుమారు 48 యూనిట్లు. అనగా నొక చిన్న కుటుంబము నెలదినములు పొదుపుగా వాడుకొను కరెంటు ఒక రాత్రిలో ఖర్చగును. 2019లో ప్రభుత్వము చెరువుల రైతులకు యూనిటు 1 రూపాయి 50 పైసలని రాయితీ నిచ్చినది. రాయితీ రైతుకు ఆసరాయే. కాని చౌక కరెంటు మంచి మోటారు కొనవలెనను తలంపును చంపును. రాయితీ సొమ్ము సకాలమున అందనిచో సంస్థ అప్పు చేయును. ఆ వడ్డీ చుట్టు తిరిగి అందఱి మీద పడును. పాత మోటార్లు మార్చుటకు సాయము చేసినచో రైతుకును ఖజానాకును మేలగును.

ఇంతవఱకు మనకు చెప్పిన పొదుపు. సంస్థ తాను చేయవలసిన పొదుపు మఱియొకటి గలదు. దీనిని మనము కాలువతో పోల్చి తెలిసికొనవచ్చును. ధవళేశ్వరము ఆనకట్ట వద్ద విడిచిన నీరంతయు రాజోలు శివారునకు చేరదు. ఇంకునది, గండి నుండి పోవునది, దొంగతూము నుండి పోవునది తీసివేయగా మిగిలినదే శివారు రైతునకు దక్కును. కరెంటును అట్లే. సబ్‌స్టేషను నుండి బయలుదేరిన దానిలో కొంత తీగలలో వేడియై పోవును, కొంత చౌర్యమున పోవును. తీగ చివర నున్న యింటిలో దీపము మినుకుమినుకు మనుటకు కారణ మిదియే.

దీనికి మందు గలదు. ఒక్క పెద్ద ట్రాన్స్‌ఫార్మరు పెట్టి 400 వోల్టుల తీగను దూరము లాగుటకు మాఱుగా, 11,000 వోల్టుల తీగనే ఇండ్ల చెంతకు తెచ్చి చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు అమర్చుట. వోల్టేజి పెరిగినకొలది అదే శక్తికి తీగలో ప్రవహించు కరెంటు తగ్గును. కరెంటు సగమైనచో తీగలోని నష్టము నాలుగవ వంతగును. ఈ పద్ధతిని మన రాష్ట్రపు పంపిణీ సంస్థలు పలుచోట్ల అవలంబించినవి. మోటారునకు కెపాసిటరు తగిలించు మనుటకు గూడ కారణ మిట్టిదే. మోటారు పనికివచ్చు కరెంటుతోపాటు, ఏ పనియు చేయక తీగలలో ఊరక ఊగిసలాడు కరెంటును గూడ లాగును. కెపాసిటరు దానిని మోటారు చెంతనే సమకూర్చి, తీగకు బరువు తగ్గించును.

కోనసీమకు చెందిన కష్టములు రెండు గలవు. ఉప్పుగాలికి తీగల కీళ్లు త్రుప్పుపట్టి వేడెక్కును. కొబ్బరి మట్టలు తీగలపై వ్రాలి కరెంటు నేలకు జారును, సరఫరా నిలిచిపోవును. 1996 నవంబరు తుఫానులో చెట్లును స్తంభములును ఒక్కటిగా నేలకూలుట పెద్దలు మఱవలేదు. మట్టలు నఱకుటకు వచ్చినవారితో తోట యజమాని తగవులాడుట, చెప్పకుండ నఱికిరని సంస్థతో వైరము, ఇవి గ్రామపెద్దలు కూర్చుండి తీర్పదగిన వ్యవహారములు.

ఇక మనము అడుగవలసినది. 2001 నాటి ఇంధన పొదుపు చట్టము క్రింద 2021లో ఏర్పడిన నియమముల ప్రకారము ప్రతి పంపిణీ సంస్థయు తాను కొన్నదెంత, అమ్మినదెంత, నడుమ పోయినదెంత యను లెక్కను క్రమముగా తయారు చేసి ప్రకటింపవలెను. కావున మన ఊరి ఫీడరులో నష్టమెంత? ఏ ట్రాన్స్‌ఫార్మరు మీద మోయలేని బరువున్నది? పంచాయతీ వీధిదీపములు పట్టపగలు వెలుగుచుండగా ఆర్పువారెవరు? అని గ్రామసభలో అడుగుట మన హక్కు. సంస్థకు అధికముగా పడిన కొనుగోలు ఖర్చును, నియంత్రణ మండలి అనుమతించిన మేరకు, తరువాతి బిల్లులలో మననుండియే రాబట్టుకొనుచున్నారు. నష్టము మనది యైనప్పుడు లెక్కయు మనకు తెలియవలెను గదా!

పెద్దలారా, కాలువ నీటి విషయమున మన తాతలు నేర్చిన నీతి యొక్కటి గలదు. ఎగువవాడు మితముగా వాడినగాని దిగువవాని చేను పండదు. లాకుల నౌకరు తూము చక్కగా నుంచినగాని ఎగువవాని మితము ఫలింపదు. కరెంటుకును అదియే న్యాయము. పాత పంకాను, పాత మోటారును మార్చుట మన వంతు. త్రుప్పుపట్టిన కీలును, బరువెక్కిన ట్రాన్స్‌ఫార్మరును మార్చుట సంస్థ వంతు. మన వంతు మనము చేసి, వారి వంతు వారిచే చేయించుటకు మీరు పూనుకొందురని నమ్మి, సెలవు తీసికొనుచున్నాను.